చాతం పిగిలిపిట్ట: దీవి బిడ్డా, ఓడెక్కి వచ్చిన చుట్టమా?

అండమాన్ పక్షుల ప్రస్తావన వస్తే మాట ముందుగా అరుదైనవాటి మీదికి పోతుంది. ఆ దీవుల వరసలో తప్ప మరెక్కడా కనబడని వడ్రంగిపిట్ట, గుడ్లగూబ, జెముడుకాకి, బుల్‌బుల్ అక్కడున్నాయి మరి. కానీ చిక్కుముడి పడ్డ ప్రశ్న మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక మామూలు పిట్ట చుట్టూ ఉంది. తల మీద నిటారుగా జుట్టు, చెంప మీద ఎర్రని మచ్చ ఉన్న చిన్న బుల్‌బుల్ అది. రేవు పక్కన, పెరళ్లలో, వక్కతోటల్లో, అడవి అంచుల్లో తిరుగుతుంది.

ఈ పిట్ట అండమాన్‌లో పుట్టిందేనా, మనిషి తెచ్చిందా? చెట్లకు మేలు చేస్తుందా, కలుపు మొక్కలు పెంచుతుందా? పాట కోసం దాన్ని పంజరంలో ఉంచడం ముద్దా, ముప్పా? ఈ మూడు ప్రశ్నల చర్చ ఏళ్ల తరబడి ఒకదానిలో ఒకటి కలిసిపోయింది. పుట్టుక గురించి అడిగితే ప్రవర్తన చెబుతారు. ప్రవర్తన గురించి అడిగితే వేరే దేశం కథ చెబుతారు. మూడింటినీ విడదీసి, దేనికి ఎంత ఆధారం ఉందో చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

ఏ పిట్ట, ఏ పేరు

తెలుగునాట పిగిలిపిట్ట అనగానే గుర్తొచ్చేది నల్లటి తల, తోక కింద ఎర్రటి మచ్చ ఉన్న ఊరి బుల్‌బుల్. మనం మాట్లాడుకునేది దానికి దగ్గర చుట్టం. తోక కింద ఎరుపు దీనికీ ఉంది. దానికి తోడు కొనదేలిన నల్లటి జుట్టు, కంటి వెనక ఎర్రని మచ్చ, దాని కింద తెల్లటి చెంప, ఆ తెలుపును గొంతు నుంచి వేరుచేసే సన్నని నల్లగీత ఉంటాయి. వీపు గోధుమ రంగు, పొట్ట తెలుపు. పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. పిల్ల పిట్టకు చెంప ఎరుపు ఉండదు. తోక కింద కూడా ఎరుపుకు బదులు వెలిసిన నారింజ రంగే ఉంటుంది. అందుకే చాలామంది దాన్ని వేరే పక్షి అనుకుంటారు.

1758లో లినేయస్ దీనికి శాస్త్రనామం పెట్టాడు. నేడు పిక్నోనోటస్ జొకోసస్ అంటున్నారు. జొకోసస్ అంటే సరదా అయినది అని. 1860ల నాటి తన భారత పక్షుల గ్రంథంలో జెర్డన్ దీని తెలుగు పేరును తురక పిగిలిపిట్ట అని నమోదు చేశాడు. ఎత్తైన టోపీలా కనిపించే జుట్టే ఆ పేరుకు కారణమై ఉండాలి. హిందీలో సిపాయి బుల్‌బుల్ అంటారు. 1857 తిరుగుబాటులో పట్టుబడిన సిపాయిలను తెచ్చి దింపిన దీవుల్లో ఈ పేరు వింటే ఎవరికైనా చెవి నిక్కుతుంది. సౌలభ్యం కోసం ఈ వ్యాసంలో దీన్ని జుట్టు పిగిలి అని పిలుచుకుందాం.

ఆంధ్రదేశంలో ఇది తూర్పు కనుమల పక్షి. అండమాన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వాళ్లతో పాటు ఈ పిట్ట కూడా ఓడెక్కిందా అన్న సందేహం సరదాగా రావచ్చు. దానికి జవాబు మాత్రం సులువు: ఈ వలసలకు చాలా ముందే, 19వ శతాబ్దంలోనే, అక్కడి పక్షుల పట్టికల్లో జుట్టు పిగిలి ఉంది.

దగ్గర నుంచి చూస్తే

దీని జీవితాన్ని అర్థం చేసుకోకుండా వివాదం అర్థం కాదు. జుట్టు పిగిలి దట్టమైన అడవి నడిమధ్యను ఇష్టపడదు. చెట్లూ పొదలూ ఉండి, మధ్యమధ్య వెలుతురు పడే చోటు దానికి కావాలి. కొమ్మ చివర నిటారుగా కూర్చుని మూడు నాలుగు స్వరాల ఈల వేస్తుంది. ఆంగ్లేయుల చెవికి అది ‘పెట్టిగ్రూ’ అని వినిపించింది. పిట్ట కనబడేకన్నా పాట వినబడేదే ఎక్కువ.

జతకట్టే కాలంలో మగపిట్ట తల వంచి, తోక విప్పి, రెక్కలు కిందికి వేలాడదీసి ఆడపిట్ట ముందు నిలబడుతుంది. గూడు చిన్న గిన్నెలా ఉంటుంది. పుల్లలు, వేళ్లు, గడ్డిపోచలతో అల్లి, బయట ఎండుటాకులు అతికిస్తుంది. ఊళ్లో అయితే కాగితం ముక్క, ప్లాస్టిక్ పేలిక కూడా ఆ అల్లికలో చేరతాయి. చోటు విషయంలో పెద్ద పట్టింపు లేదు. గుబురు పొద, చిన్న చెట్టు, తాటాకు గోడ సందు, ఏదైనా సరే. రెండు మూడు గుడ్లు పెడుతుంది. లేత ఊదారంగు మీద మచ్చలు, వెడల్పు కొస వైపు ఆ మచ్చలు దట్టం. పొదిగేది సుమారు 12 రోజులు, పిల్లలు గూడు వదలడానికి ఇంకో 12 రోజులు. ఎవరైనా గూటి దగ్గరికి వస్తే తల్లో తండ్రో నేలమీద దెబ్బతిన్నట్టు నటిస్తూ శత్రువును పక్కకు లాక్కుపోతుంది.

తిండిలో అసలు విశేషం ఉంది. పిల్లలకు మొదట్లో గొంగళిపురుగులు, ఇతర కీటకాలు పెడతారు. పిల్ల పెరిగేకొద్దీ పురుగులు తగ్గి పండ్లు పెరుగుతాయి. పెద్దయ్యాక ప్రధానంగా పండ్లే, వాటితో పాటు పూతేనె, పురుగులు. జువ్విపండు నుంచి తలంబ్రాల చెట్టు కాయ దాకా అన్నీ తింటుంది. పశువులకూ మనుషులకూ విషమైన పచ్చగన్నేరు పండును కూడా పొడుస్తుంది. చిన్న పండును నమలదు, ముక్కుతో పట్టి ఒక్క గుక్కలో మింగేస్తుంది. గుజ్జు అరుగుతుంది, గింజ నిండుగా బయటికి వస్తుంది. ఆలోగా పిట్ట మరో కొమ్మ మీద, మరో పెరట్లో, మరో దారి పక్కన ఉంటుంది. దీన్ని మెచ్చుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ చివరికి ఈ ఒక్క పని దగ్గరే కలుసుకుంటారు.

చాతం ఎందుకు

శ్రీవిజయపురం రేవులో, వంతెన మీదుగా హడ్డోతో కలిసిన చిన్న దీవి చాతం. 2024 దాకా ఆ ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో అండమాన్‌లో తొలి బ్రిటిష్ స్థావరం పెట్టింది ఇక్కడే. 1792లో దాన్ని ఉత్తర అండమాన్‌కు మార్చారు. రోగాలతో అదీ నిలవక 1796లో ఎత్తేశారు. 1858లో జె.పి.వాకర్ 200 మంది ఖైదీలతో మళ్లీ ఈ రేవులోనే దిగాడు. 1883లో చాతంలో ప్రభుత్వ సామిల్లు మొదలైంది. పడౌక్, గుర్జన్ దుంగలు దీవుల అడవుల నుంచి నీటి మార్గాన ఇక్కడికి చేరి, పలకలై ఓడలెక్కేవి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి ఏర్పడిన గుంత మిల్లు ఆవరణలో నేటికీ ఉంది. 2002 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు అండమాన్‌లో కలప నరుకుడుకు గట్టి కళ్లెం వేశాయి.

పక్షి కథలో సామిల్లు ఊసెందుకంటే, అండమాన్ అడవికి ‘అంచు’ పుట్టించినవాటిలో చాతం వెనకున్న వ్యవస్థ ఒకటి. చెట్టు పడ్డ చోట వెలుతురు పడుతుంది. వెలుతురు పడ్డ చోట పొదలు లేస్తాయి. పొదల్లో కాయలు కాస్తాయి. ఆ పక్కనే రోడ్డు, క్వార్టర్లు, పెరడు, వక్కతోట వస్తాయి. జుట్టు పిగిలి కోరుకునే ఇల్లు సరిగ్గా ఇదే. 1949 తర్వాత తూర్పు బెంగాల్ శరణార్థుల కోసం, ఇతర వలసదారుల కోసం అడవి నరికిన చోట్ల అలాంటి అంచులు ఇంకా పెరిగాయి. ఈ దీవుల్లో 80 శాతానికి పైగా నేటికీ అడవే. కాబట్టి ఈ పిట్టది అడవిని గెలిచిన కథ కాదు, అంచులను నింపిన కథ.

వివాదం నడిచిన దారి

అండమాన్ పక్షుల గురించి పద్ధతిగా రాయడం 1860ల్లో మొదలైంది. 1862 నుంచి 1864 దాకా పోర్ట్ బ్లెయిర్ అధికారిగా ఉన్న రాబర్ట్ టైట్లర్ పక్షులను సేకరించాడు. 1867లో బీవన్ ‘ఐబిస్’ పత్రికలో అండమాన్ పక్షుల మీద వ్యాసం ప్రచురించాడు. తర్వాత కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడిగా పేరు పొందిన ఏ.ఓ.హ్యూమ్ 1873లో ఈ దీవులకు వచ్చి, మరుసటి ఏడు తన ‘స్ట్రే ఫెదర్స్’ పత్రికలో బంగాళాఖాతం దీవుల పక్షుల మీద పెద్ద వ్యాసం వేశాడు. 1964లో హుమాయూన్ అబ్దులాలీ బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అండమాన్ నికోబార్ పక్షుల సమగ్ర జాబితా ప్రకటించాడు.

జుట్టు పిగిలి విషయంలో అసలు మలుపు 1948లో వచ్చింది. అమెరికన్ శాస్త్రజ్ఞుడు డీగ్నన్ అండమాన్ పిట్టను వేరే ఉపజాతిగా గుర్తించి, భారత పక్షుల మీద కృషి చేసిన హ్యూ విస్లర్ జ్ఞాపకార్థం విస్లరీ అని పేరు పెట్టాడు. నాటి నుంచి నేటి దాకా ప్రామాణిక జాబితాలు ఒకే మాట చెబుతున్నాయి: విస్లరీ అండమాన్ పక్షి, నికోబార్‌కు మాత్రం మనుషులు తీసుకెళ్లింది. అయితే జాబితాలోని ఒక్క వరుస వెనక ఎన్ని ఊహలున్నాయో విప్పి చూసినప్పుడే చర్చ మొదలవుతుంది.

మొదటి వాదం: ఇది దీవి బిడ్డే

స్థానికమే అనేవాళ్ల బలం శరీర లక్షణాల్లో ఉంది. భారత తూర్పు భాగంలోని ఉపజాతి ఎమీరియాకు సన్నని ముక్కు, పొడవాటి జుట్టు ఉంటాయి. అండమాన్ పిట్టకు ముక్కు మోటుగా, జుట్టు పొట్టిగా ఉంటుంది. మోటు ముక్కు దీవి పక్షుల్లో తరచూ కనిపించే లక్షణం. పోటీదారులు తక్కువగా ఉన్న చోట పక్షి రకరకాల తిండికి అలవాటు పడుతుంది, ముక్కు దానికి తగ్గట్టు మారుతుంది. అలాంటి మార్పుకు వేల ఏళ్లు పట్టాలి కాబట్టి, పిట్ట అక్కడ ఎప్పటినుంచో ఉండాలన్నది ఈ తర్కం.

రెండో బలం భూగోళం. అండమాన్ దీవులు బర్మా తీరం నుంచి దక్షిణంగా సాగే పర్వతశ్రేణి శిఖరాలు. అక్కడి పక్షుల్లో చాలావాటి దగ్గరి బంధువులు బర్మాలో ఉన్నాయి. జుట్టు పిగిలి బర్మా అంతటా ఉంది. ఎగిరి వచ్చిన మిగతా పక్షుల్లాగే ఇదీ వచ్చి ఉండవచ్చు. అలా వచ్చినదాన్ని ఎవరూ పరాయిదనరు.

రెండో వాదం: మనిషి చెయ్యి ఉండవచ్చు

సందేహించేవాళ్లు కాలక్రమాన్ని చూపిస్తారు. పట్టికలు మొదలైంది 1860ల్లో, స్థావరం వచ్చింది 1858లో, అంతకుముందు 1789 నుంచి 1796 దాకా మరో స్థావరం. బయటి మనిషి అడుగు పెట్టకముందు అడవిలో ఏ పిట్ట కూసిందో చెప్పే రాత ఏదీ ఈ పట్టికల్లో ఉండే వీలు లేదు. పైగా ఇది పంజరపు పక్షుల్లో పేరున్నది. సముద్రాల మీద ప్రయాణించే మనుషులు పాడే పిట్టలను వెంట తీసుకెళ్లడం కొత్తేమీ కాదు.

బ్రిటిష్ అధికారులకు దీవుల్లో కొత్త జంతువులను వదలడం అలవాటేనన్న సంగతీ ఈ వాదానికి ఊతమిస్తుంది. అండమాన్ అడవుల్లో నేడు మొలకలను మేసేస్తున్న చుక్కల దుప్పి 20వ శతాబ్దంలో అలా వచ్చిందే. గోరింక కూడా బయటినుంచి తెచ్చిన పక్షే. మరి జుట్టు పిగిలి ఒక్కటే ఎందుకు మినహాయింపు కావాలి?

ఈ వాదానికి ఒక పెద్ద లోటుంది. అవకాశం ఉండటం వేరు, జరగడం వేరు. దుప్పిని తెచ్చారు కాబట్టి పిట్టనూ తెచ్చారనడం సాక్ష్యం కాదు, పోలిక మాత్రమే.

రీయూనియన్ ముక్కు చెప్పిన పాఠం

ఈ రెండు వాదాల మధ్య తక్కెడను కదిపిన సంగతి అండమాన్‌లో జరగలేదు. హిందూ మహాసముద్రానికి అవతలి ఒడ్డున, ఫ్రాన్స్ ఏలుబడిలోని రీయూనియన్ దీవిలో జరిగింది. జుట్టు పిగిలి 1892లో మారిషస్‌కు, అక్కడినుంచి 1972లో రీయూనియన్‌కు చేరింది. రీయూనియన్‌లో ఒక పక్క కుండపోత వానలు, మరో పక్క ఎండుగాలి. వచ్చి మూడు దశాబ్దాలు నిండాయో లేదో, ఈ వేర్వేరు పరిసరాల్లోని పిట్టల ముక్కుల ఆకారంలో కొలవగలిగినంత తేడా వచ్చేసిందని 2007లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది.

దీని అర్థం జాగ్రత్తగా చూడాలి. అండమాన్ పిట్ట కొత్తగా వచ్చిందని ఇది రుజువు చేయదు. కానీ మొదటి వాదానికి మూలస్తంభమైన ‘ముక్కు మారాలంటే వేల ఏళ్లు పట్టాలి’ అన్న మాటను ఇది కదిపేసింది. 1789 నుంచి 1948 దాకా గడిచింది సుమారు 160 ఏళ్లు. రీయూనియన్ లెక్కన అది చాలా పెద్ద కాలం. అంటే విస్లరీ అన్న పేరు తేడా ఉందని చెబుతుంది, ఆ తేడా వయసు చెప్పదు. ఇంతకాలం ఆ పేరు మోసిన బరువు దాని శక్తికి మించినది.

మేలా, కీడా: ఊరికో తీర్పు

పుట్టుక ప్రశ్న పక్కనపెడితే, పిట్ట చేసే పని మీద ప్రపంచంలో మరింత వేడి చర్చ ఉంది. దీన్ని బయట దేశాలకు తీసుకెళ్లిన చోట్ల ఫలితాలు ఒకేలా లేవు.

మారిషస్‌లో నేరారోపణ గట్టిది. బయటినుంచి వచ్చి అడవిని కమ్మేసిన మొక్కల పండ్లను ఈ పిట్ట తిని విత్తనాలు వెదజల్లుతోందని, దాని కడుపులోంచి వెళ్లిన విత్తనాలు ఎలా మొలకెత్తుతాయో అక్కడ పరిశోధన చేసినవాళ్లు 2009లో ప్రకటించారు. స్థానిక పిట్టల గూళ్లకు, సాలీళ్లకు దీనివల్ల ముప్పన్న ఆరోపణలూ ఉన్నాయి. రీయూనియన్‌లోనూ కలుపు ముళ్లపొదల వ్యాప్తిలో దీని పాత్ర చర్చకు వచ్చింది.

సేషెల్స్ దేశంలో అజంప్షన్ దీవికి ఇది 1970ల్లో మారిషస్ నుంచి చేరింది. పక్కనే ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన అల్దాబ్రా పగడపు దీవి. అక్కడికి దాటితే కష్టమని 2010ల్లో వేల సంఖ్యలో పిట్టలను పట్టి, కాల్చి, అజంప్షన్‌లో జాతినే లేకుండా చేశారు.

ఆస్ట్రేలియాలో సిడ్నీకి 1880లో తెచ్చారు. ఊళ్లూ తోటలూ పట్టుకుని నిలదొక్కుకుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో 1960లో పంజరం నుంచి తప్పించుకున్న పిట్టలు మయామీ శివారు తోటల్లో స్థిరపడ్డాయి. దశాబ్దాలు గడిచినా ఆ పరిసరాలు దాటి పెద్దగా విస్తరించలేదు. కాలిఫోర్నియాలో మాత్రం 1968లో కనబడగానే తొలగించాలని చూశారు.

ప్రపంచంలోని 100 అతి హానికర ఆక్రమణ జాతుల ప్రసిద్ధ జాబితాలో బుల్‌బుల్ ఒకటుంది. అది జుట్టు పిగిలి కాదు, మన ఊరి పిగిలిపిట్ట. చుట్టం చేసిన తప్పుకు దీన్ని దండించడం కూడా ఈ చర్చలో తరచూ జరుగుతుంది.

దీన్ని వెనకేసుకొచ్చేవాళ్ల వాదన ఇదే జీవశాస్త్రాన్ని తిప్పి చెబుతుంది. నరికిన అడవి మళ్లీ లేవాలంటే ఎవరో విత్తనం తేవాలి. దట్టమైన అడవి పక్షులు వెలుతురులోకి రావు. బోడి నేల మీద విత్తనం వేసేది అంచుల్లో తిరిగే పిట్టే. జువ్వి, మర్రి వంటి చెట్ల చిన్న గింజలు దీని కడుపులోంచి సునాయాసంగా ప్రయాణిస్తాయి. అయితే అంచులో జువ్వి ఉంటే జువ్వి గింజ తెస్తుంది, తలంబ్రాల పొద ఉంటే ఆ గింజే తెస్తుంది. పిట్టకు మొక్క కులగోత్రాలు తెలియవు. కాబట్టి దాని మంచిచెడ్డలు ఆ చుట్టుపక్కల మనం ఏం పెంచామన్నదాని మీదే ఎక్కువ ఆధారపడతాయి.

అడవి లోపల మరొకటుంది

అండమాన్‌కే పరిమితమైన మరో బుల్‌బుల్ ఉంది. 1873లో హ్యూమ్ పేరు పెట్టిన ఈ పిట్టకు జుట్టు లేదు, ఒళ్లు పసుపు కలిసిన ఆకుపచ్చ. చాలాకాలం ఆగ్నేయాసియాలోని నల్లతల బుల్‌బుల్‌కు ఉపజాతిగా లెక్కించి, తర్వాత వేరే జాతిగా గుర్తించారు. ఇది అడవి పక్షి. అడవి దట్టంగా ఉన్నంతవరకు రెండింటికీ హద్దు తగాదా తక్కువ. ఒకటి లోపల, ఒకటి అంచున. అడవిని ముక్కలు చేస్తే అంచు పెరుగుతుంది, లోపలి భాగం తగ్గుతుంది. అప్పుడు లోపలి పిట్టకు నష్టం జుట్టు పిగిలి వల్ల వచ్చినట్టు కనిపిస్తుంది. అసలు కారణం గొడ్డలి.

నికోబార్ సంగతి వేరు. అక్కడికి జుట్టు పిగిలిని మనుషులే తీసుకెళ్లారన్న దాంట్లో పేచీ లేదు. అక్కడ నికోబార్‌కే పరిమితమైన ఇంకో బుల్‌బుల్ ఉంది. దాని మనుగడ ఆందోళనకు దగ్గరగా ఉందని అంతర్జాతీయ జాబితా అంటుంది. దాని తగ్గుదలకు వచ్చిన చుట్టంతో పోటీ ఒక కారణమన్న అనుమానం పక్షిశాస్త్ర రచనల్లో ఉంది. ఇక్కడ వాదం అండమాన్‌లో కన్నా బలమైనది. ఎందుకంటే రాక తెలుసు, తెచ్చినవాళ్లు మనుషులని తెలుసు, నష్టపోగల స్థానిక పిట్ట కళ్ల ముందుంది. ఒకే ఉపజాతి అండమాన్, నికోబార్‌లను విడదీసే పది డిగ్రీల కాలువకు ఒక పక్క స్థానికం, మరో పక్క పరాయి. ఈ ఒక్క ఉదాహరణ చాలు, ‘స్థానికం’ అన్నది పిట్ట ఒంటి మీద రాసి ఉండే గుణం కాదని చెప్పడానికి.

పంజరం ప్రశ్న

పాట ఈ పిట్టకు గొప్ప, శాపం కూడా. దక్షిణ థాయిలాండ్‌లో దీని వాడుక పేరుకు అర్థమే ‘పంజరపు జుట్టు పిట్ట’. అక్కడ వరసగా పంజరాలు వేలాడదీసి పాటల పోటీలు పెడతారు. గెలిచిన పిట్టకు భారీ ధర పలుకుతుంది. ఫలితంగా అడవి పిట్టలను వలవేసి పట్టడం పెరిగింది. పెంపకందారులు మాత్రం తాము పంజరంలోనే పిల్లలు తీయిస్తున్నామని, అడవికి నష్టం లేదని, రక్షిత జాబితా నుంచి దీన్ని తీసేయాలని వాదిస్తారు. సంరక్షకులు పెంచిన పిట్టకూ పట్టిన పిట్టకూ తేడా బజారులో తెలియదంటారు.

భారత్‌లో ఈ వాదానికి చట్టం తలుపు మూసింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద బుల్‌బుల్‌లకు రక్షణ ఉంది. దేశీయ అడవి పక్షులను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. అయితే పంజరం ప్రశ్న పిట్ట క్షేమంతో ఆగదు. పైన చూసిన కథల్లో చాలావరకు, మారిషస్ నుంచి ఫ్లోరిడా దాకా, పంజరంతోనే మొదలయ్యాయి. తెరిచిన తలుపో, తప్పించుకున్న జతో, విసిగిపోయిన యజమానో, ఎలా జరిగినా తర్వాతి భారం ఆ చోటు మీద పడింది.

వాదాల పోలిక

చర్చను కుదిస్తే ఇలా కనిపిస్తుంది:

- స్థానిక వాదం. ఆధారం: మోటు ముక్కు, పొట్టి జుట్టు, బర్మాతో భూగోళ సంబంధం, 1948 నుంచి జాబితాల ఏకాభిప్రాయం. బలహీనత: శరీరపు తేడా పాతదనాన్ని రుజువు చేయదు.
- రాక వాదం. ఆధారం: పట్టికల కన్నా స్థావరాలు ముందు రావడం, పంజరపు అలవాటు, ఇతర జంతువుల ఉదాహరణలు. బలహీనత: అవకాశాన్ని చూపుతుంది, సంఘటనను చూపదు.
- ముప్పు వాదం. ఆధారం: మారిషస్, రీయూనియన్, సేషెల్స్ అనుభవాలు. బలహీనత: అవన్నీ కచ్చితంగా బయటినుంచి తెచ్చిన చోట్లు. అండమాన్‌కు వాటిని నేరుగా అన్వయించలేం. నికోబార్‌కు చాలావరకు అన్వయించవచ్చు.
- మేలు వాదం. ఆధారం: విత్తన వ్యాప్తి, అంచుల్లో తిరిగే స్వభావం. బలహీనత: కలుపు మొక్క ఉన్న చోట అదే గుణం కీడు చేస్తుంది.

నాలుగు వాదాల్లో ఏదీ పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. ప్రతిదీ తనకు అనుకూలమైన దీవిని ఎంచుకుని మాట్లాడుతుంది.

తేలనివి, తేలినవి

తేలాల్సింది ప్రధానంగా పుట్టుక. దాన్ని ముక్కు కొలతలు తేల్చవు, ఇంకో పాత పుస్తకమూ తేల్చదు. 19వ శతాబ్దంలో సేకరించిన పిట్టల చర్మాలు మ్యూజియంలలో ఉన్నాయి. హ్యూమ్ తన మహా సేకరణను 1885లో బ్రిటిష్ మ్యూజియంకు ఇచ్చేశాడు. అలాంటి చర్మాల డీఎన్ఏను బర్మా, బెంగాల్, దక్షిణ భారత పిట్టల డీఎన్ఏతో పోల్చితే విడిపోయి వందల ఏళ్లా, వేల ఏళ్లా అన్నది బయటపడుతుంది. రెండోది, అండమాన్ అంచుల్లో ఈ పిట్ట ఏ గింజలు ఎంత మోస్తుందో లెక్క కట్టడం. మారిషస్‌లో చేసిన పని ఇక్కడ చేస్తేనే ఇక్కడి తీర్పు ఇక్కడి ఆధారం మీద నిలుస్తుంది.

తేలినవి కూడా తక్కువేం కాదు. జుట్టు పిగిలి మనిషి నీడన పెరిగే పక్షి. దాని సంఖ్య పెరిగిందంటే ముందు చూడాల్సింది పిట్టను కాదు, చెట్టు నరికిన చోటును. స్థానికం అన్న మాట చోటును బట్టి మారుతుంది. పుట్టుక ఏదని తేలినా, అండమాన్‌లో కనీసం 150 ఏళ్లుగా ఉన్న పిట్టను నేడు పరాయిదని తరమడానికి ఆధారం లేదు. నికోబార్‌లో మాత్రం స్థానిక బుల్‌బుల్‌కు తోడుగా దీని లెక్కనూ ఏటేటా చూడటం అవసరం.

మిగిలింది చిన్న పని, అందరూ చేయగలిగింది. అండమాన్ నుంచి నికోబార్‌కో, విశాఖ నుంచి చాతంకో ఓడెక్కేటప్పుడు సామానులో పిట్ట పంజరం ఉండకూడదు. పెరట్లో తలంబ్రాల పొదకు బదులు ఆ దీవి చెట్టే ఒకటి నాటాలి. పిట్ట ఏ గింజ తిన్నా దాన్నే మోసుకెళ్తుంది. ఏ గింజ దొరకాలన్నది మాత్రం మన చేతిలో ఉంది.